‘సెల్ఫ్ రిలయన్స్’: ఎమర్సన్ వ్యాసం, దాని పుట్టుక, దాని పాఠకులు

‘సెల్ఫ్ రిలయన్స్’ అమెరికన్ రచయిత రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ (1803–1882) రాసిన వ్యాసం. 1841 మార్చిలో బోస్టన్ ప్రచురణకర్త జేమ్స్ మన్రో వేసిన ‘ఎస్సేస్’ అనే పుస్తకంలో పన్నెండు వ్యాసాలున్నాయి, వాటిలో ఇది రెండోది. అదే ఏడాది లండన్‌లో బ్రిటిష్ రచయిత థామస్ కార్లైల్ ముందుమాటతో ఆ పుస్తకం మళ్లీ అచ్చయింది. ఇంగ్లీషులో దాదాపు పది వేల మాటలున్న ఈ వ్యాసం అమెరికన్ ఆలోచనకు మూలస్తంభాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఎక్కువగా తప్పు అర్థం చేసుకున్న రచనల్లో కూడా ఇదొకటి.

తికమక పేరు దగ్గరే మొదలవుతుంది. తెలుగులో దీనికి ‘స్వావలంబన’ అన్నది దగ్గరి మాట. కానీ ఆ మాట వినగానే ఇవాళ మనకు పొదుపు సంఘాలు, బ్యాంకు రుణాలు, కుట్టుమిషన్లు గుర్తొస్తాయి. ‘ఆత్మవిశ్వాసం’ అందామంటే, అది ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రాడికి పెద్దలు నూరిపోసే ధైర్యం అయిపోయింది. ఎమర్సన్ చెప్పేది ఈ రెండూ కాదు. మనసులో ఒక ఆలోచన మెరుస్తుంది. నాకే తట్టింది కదా, ఇదేం గొప్పదిలే అని వదిలేస్తాం. కొన్నాళ్లకు అదే ఆలోచన ఒక ప్రసిద్ధుడి నోట వింటాం. అప్పుడు తలవంచుకుని ఒప్పుకుంటాం. సొంత ఆలోచన పరాయి గొంతులోంచి వస్తే తప్ప విలువ కట్టలేని ఈ అలవాటును చూపించి వ్యాసం మొదలవుతుంది. అవలంబనం అంటే ఊత, ఆనిక. ఆ పాత అర్థంలో చూస్తే ‘స్వావలంబన’ సరైన మాటే. లోపల తట్టినదాని మీద బరువంతా మోపి నిలబడటం అన్నమాట.

పదేళ్ల వెనక కథ

ఎమర్సన్ 1803 మే 25న బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి విలియం అక్కడి ఫస్ట్ చర్చి పాస్టరు. కొడుక్కి ఎనిమిదేళ్లు నిండకముందే, 1811లో ఆయన పోయాడు. తల్లి రూత్ ఇంట్లో అద్దెకు మనుషుల్ని ఉంచుకుని, వాళ్లకు భోజనం పెట్టి, ఆ డబ్బుతో పిల్లల్ని పెంచింది. మేనత్త మేరీ మూడీ ఎమర్సన్ పెద్ద చదువరి, మాటలో పదును ఉన్న మనిషి. కుర్రవాడి బుద్ధికి మొదటి గురువు ఆవిడే. పద్నాలుగో ఏట హార్వర్డ్‌లో చేరిన ఎమర్సన్ 1821లో పట్టా పుచ్చుకుని, కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, ఆ తర్వాత దైవశాస్త్రం చదివాడు.

1829లో బోస్టన్ సెకండ్ చర్చిలో పాస్టరుగా చేరాడు. అదే ఏడు ఎలెన్ టక్కర్‌ను పెళ్లాడాడు. ఎలెన్‌కు అప్పటికే క్షయ. 1831 ఫిబ్రవరి 8న, పంతొమ్మిదేళ్ల వయసులో ఆమె చనిపోయింది. ఏడాది దాటాక, 1832 మార్చి చివర్లో, ఆమె సమాధికి వెళ్లి శవపేటిక తెరిచినట్టు ఆయన డైరీలో రాసుకున్నాడు. ఒక్క వాక్యం, అంతే. ఏం చూశాడో, ఏమనిపించిందో రాయలేదు.

ఆ వేసవిలోనే చర్చితో చిక్కు వచ్చింది. ప్రభురాత్రి భోజన సంస్కారంలో రొట్టె, ద్రాక్షారసం పంచడం పాస్టరు పని. ఆ ఆచారాన్ని శాశ్వతంగా పాటించమని యేసు చెప్పలేదని, తనకు అందులో మనసు లేదని, మనసు లేని పని బల్ల ముందు నిలబడి చేయలేనని ఎమర్సన్ సంఘానికి చెప్పాడు. సంఘం ఆచారాన్ని మార్చుకోవడానికి ఒప్పుకోలేదు. 1832 సెప్టెంబరు 9న తన కారణాలు వివరిస్తూ ప్రసంగించి ఆయన ఉద్యోగం వదులుకున్నాడు. ఈ ఘట్టంలో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ సంస్కారం పాటించేవాళ్లను ఆయన తప్పుపట్టలేదు, చర్చి మీద తిరుగుబాటు ప్రకటించలేదు. తనలో జీవం పోయిన పనిని జీవం ఉన్నట్టు నటిస్తూ చేయనన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత వ్యాసంలో చెప్పినదానికి ఇక్కడ తన జీతంతోనే మూల్యం చెల్లించాడు.

ఆ డిసెంబరులో ఓడెక్కి ఐరోపా వెళ్లాడు. సిసిలీ, నేపుల్స్, రోమ్, పారిస్ తిరిగి బ్రిటన్ చేరి కవులైన కోలరిడ్జ్‌ను, వర్డ్స్‌వర్త్‌ను, రచయిత కార్లైల్‌ను కలిశాడు. ఎంతో ఎత్తున ఊహించుకున్న మనుషులు, ఎదురుగా కూర్చుంటే తమ తమ హద్దులు ఉన్న మామూలు మనుషుల్లాగే కనిపించారు. అది నిరాశ కలిగించలేదు, ధైర్యాన్నిచ్చింది. 1833 అక్టోబరులో తిరిగొచ్చి, మరుసటి ఏడు కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. 1835లో లిడియా జాక్సన్‌ను పెళ్లాడాడు. తమ్ముడు ఎడ్వర్డ్ 1834లో, చార్లెస్ 1836లో చనిపోయారు. భార్యను, ఇద్దరు తమ్ముళ్లను, పాస్టరు పదవిని అయిదారేళ్ల లోపు పోగొట్టుకున్న మనిషి రాసిన వ్యాసం ఇది. అందులోని ధీమాను పుట్టుకతో వచ్చిన ఉత్సాహం అనుకుంటే సగం మాత్రమే చదివినట్టు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఎలెన్ ఆస్తిలో భర్తగా ఆయనకు వాటా వచ్చింది. దాని మీద ఏడాదికి సుమారు 1,200 డాలర్ల ఆదాయం ఉండేది. సాదాసీదా కుటుంబానికి అది గట్టి ఆధారం. మిగతాది ఉపన్యాసాలతో సంపాదించాడు. ఊరూరా టిక్కెట్లు పెట్టి పెద్దవాళ్లకు పాఠాలు చెప్పించే లైసియం సంఘాలు అప్పుడే పుట్టి విస్తరిస్తున్నాయి. జీవితం మొత్తంలో ఎమర్సన్ సుమారు 1,500 ఉపన్యాసాలు ఇచ్చాడు. అమెరికాలో రచయిత చర్చికీ కాలేజీకీ బయట నిలబడి బతకగలడని చూపించిన తొలి మనుషుల్లో ఆయన ఒకడు.

1837 ఆగస్టు 31న హార్వర్డ్‌లో ‘ది అమెరికన్ స్కాలర్’ ప్రసంగం చేశాడు. ఐరోపా వైపు చూడటం మాని సొంతంగా ఆలోచించమని చదువుకున్నవాళ్లను అడిగాడు. 1838 జూలై 15న అక్కడి దైవశాస్త్ర విద్యార్థుల ముందు ఇంకో అడుగు వేశాడు. చర్చి యేసు అనే వ్యక్తిని పట్టుకుని, ఆయన ప్రతి మనిషిలో చూసిన దైవాన్ని వదిలేసిందన్నాడు. దుమారం రేగింది. ఆండ్రూస్ నార్టన్ అనే పండితుడు దాన్ని సరికొత్త అవిశ్వాసంగా ఎండగట్టాడు. దాదాపు మూడు దశాబ్దాల పాటు హార్వర్డ్ ఎమర్సన్‌ను మళ్లీ మాట్లాడటానికి పిలవలేదు. లోకం మొహం మాడ్చుకున్నప్పుడు మనిషి ఏం చేయాలో వ్యాసంలో చాలా సేపు మాట్లాడతాడు. ఆ పేజీల వెనక ఉన్నది ఈ దుమారమే.

వ్యాసం ఎలా తయారైంది

ఎమర్సన్ దాన్ని ఒక్క ఊపులో రాయలేదు. కాలేజీ రోజుల నుంచి డైరీ రాసే అలవాటు. ఆ డైరీని తన సేవింగ్స్ బ్యాంకు అని చెప్పుకునేవాడు. రోజూ కొంత జమ చేసేవాడు, ఏళ్ల తర్వాత తీసి వాడుకునేవాడు. డైరీ పుటలు ఉపన్యాసాలయ్యాయి, ఉపన్యాసాలు వ్యాసాలయ్యాయి. ‘సెల్ఫ్ రిలయన్స్’లో 1830ల పొడవునా రాసుకున్న ముక్కలున్నాయి. 1836 నుంచి 1838 దాకా ఇచ్చిన ఉపన్యాసాల భాగాలూ ఉన్నాయి.

చదివేవాళ్లకు ఇబ్బంది కలిగేది ఇక్కడే. వాక్యం వెనక వాక్యం మెరుస్తుంది గానీ, ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడవదు. తన వాక్యాలు ఒకదాన్నొకటి తోసేసుకునే రేణువులని ఆయనే కార్లైల్‌కు ఉత్తరం రాశాడు. అందువల్ల ఏ వాక్యాన్నైనా పీకి గోడకు తగిలించుకోవచ్చు. జనం చేసింది కూడా అదే. చుట్టూ ఉన్న వాక్యాల నుంచి విడదీస్తే ఎమర్సన్ వాక్యం గట్టిగా మోగుతుంది, కానీ తరచు వేరే అర్థంలో మోగుతుంది.

వ్యాసంలో ఏముంది

మనిషి తనను తాను నమ్మితే ఎలా ఉంటాడో చూపించడానికి ఎమర్సన్ మొదట పిల్లల దగ్గరకు వెళ్తాడు. పసిబిడ్డ ఎవరికీ లొంగదు. నలుగురు పెద్దవాళ్లు దాని చుట్టూ చేరి దాని భాషలో మాట్లాడాల్సిందే. రాత్రి అన్నం ఎలాగూ దొరుకుతుందని తెలిసిన పిల్లవాడు వచ్చేపోయేవాళ్లను మొహమాటం లేకుండా తూకం వేస్తాడు. ఫలానావాడు మంచివాడు, ఫలానావాడు విసుగు పుట్టిస్తాడు అని అక్కడికక్కడే తీర్పు చెబుతాడు. పెద్దయ్యాక మనిషి తన మాటకే ఖైదీ అవుతాడు. ఒకసారి మెప్పు పొందితే చాలు, ఇక వందల కళ్లు తనను చూస్తున్నాయనే లెక్క మొదలవుతుంది.

సమాజాన్ని ఆయన వాటాదారుల కంపెనీతో పోలుస్తాడు. అందరికీ తిండి భద్రంగా దొరకాలంటే తినేవాడు తన స్వేచ్ఛను కంపెనీకి రాసివ్వాలి. 1837 మేలో న్యూయార్క్ బ్యాంకులు కాగితాలకు బదులు వెండి బంగారాలు ఇవ్వడం ఆపేశాయి. దేశమంతా దివాళాలు మొదలయ్యాయి. ఆ ఏళ్లలో వాటాలు, కంపెనీలు అనే మాటలు వినేవాళ్లకు ఊసుపోక చెప్పిన ఉపమానాల్లా తోచి ఉండవు. ఆస్తి మీద, దాన్ని కాపాడే ప్రభుత్వాల మీద మనిషి ఆనుకోవడం తన మీద తనకు ఆనిక లేకపోవడమేనని వ్యాసం చివర్లో అంటాడు.

రెండు భయాలు మనిషిని తన నుంచి దూరం చేస్తాయని ఆయన లెక్క. మొదటిది నలుగురిలా ఉండకపోతే ఏమవుతుందోనన్న భయం. రెండోది నిన్న అన్నదానికి ఇవాళ వ్యతిరేకంగా మాట్లాడితే ఏమనుకుంటారోనన్న భయం. ఈ రెండో చోటే అందరికీ తెలిసిన వాక్యం వస్తుంది. అర్థం లేని నిలకడను ఆయన చిన్న బుద్ధుల్ని జడిపించే బూచిగా చూస్తాడు. ‘అర్థం లేని’ అన్న విశేషణాన్ని జనం సాధారణంగా మరిచిపోతారు. మాట మార్చడం గొప్ప గుణమని ఎమర్సన్ ఎక్కడా అనలేదు. అప్పటికి నిజమనిపించినది గట్టిగా చెప్పు, రేపు వేరేలా కనిపిస్తే అదీ అంతే గట్టిగా చెప్పు, రెండూ నీ లోపలి నుంచి నిజాయితీగా వస్తే వాటి మధ్య పొత్తు తర్వాత కనిపిస్తుంది అంటాడు. దానికి ఓడ ఉదాహరణ ఇస్తాడు. ఎదురుగాలిలో ఓడ వంకరటింకరగా వెళ్తుంది. తగినంత దూరం నుంచి చూస్తే ఆ వంకరలన్నీ ఒకే దిశగా సాగిన దారిలా కనిపిస్తాయి. తమ కాలానికి అర్థం కాని మనుషుల వరసలో సోక్రటీసు, లూథర్, కోపర్నికస్, గెలీలియో, న్యూటన్ పేర్లు చెబుతాడు.

గుమ్మం ఘట్టం మరీ కఠినంగా ఉంటుంది. లోపలి పిలుపు వచ్చినప్పుడు తల్లినీ తండ్రినీ భార్యనూ తోబుట్టువునూ పక్కన పెట్టి వెళ్తానని, గుమ్మం పైకమ్మి మీద ‘ఇది నా వెర్రి’ అని రాసిపెట్టి పోతానని అంటాడు. బైబిలు తెలిసినవాళ్లు ఇక్కడ రెండు సంగతులు వెంటనే పట్టుకుంటారు. ఇంటివాళ్లకంటే తనను ఎక్కువగా ప్రేమించమని శిష్యులను అడిగిన యేసు మాట ఒకటి. పస్కా రాత్రి పైకమ్మికి పూసిన గొర్రెపిల్ల రక్తం రెండోది. దేవుడి పిలుపుకు ఉన్న చోటును ఆయన లోపలి పిలుపుకు ఇస్తున్నాడు. అయితే వెంటనే మరో మాట కలుపుతాడు, చివరికి అది వెర్రి కంటే మెరుగైనదే అయి ఉంటుందని ఆశిస్తానని. ఆ చిన్న సందేహాన్ని దాచకపోవడంలోనే ఈ వ్యాసం నిజాయితీ ఉంది.

దేశాటన మీద ఆయన రాసిన పేరా చిన్నదే. ఇంట్లో కూర్చుని నేపుల్స్‌లో, రోమ్‌లో అందం మత్తులో మునిగిపోవచ్చని, దిగులు పోతుందని కలగంటాం. పెట్టె సర్దుకుని, అందరికీ వీడ్కోలు చెప్పి, ఓడెక్కి వెళ్తాం. నేపుల్స్‌లో కళ్లు తెరిస్తే పక్కనే అదే మనిషి కూర్చుని ఉంటాడు, ఎవరి నుంచి పారిపోయామో ఆ దిగులు మనిషే. ఇది ప్రయాణాలు వద్దన్న ఉపదేశంలా చదివితే పొరపాటు. ఎలెన్‌ను పోగొట్టుకున్న ఎమర్సన్ 1833లో నిజంగానే నేపుల్స్ వెళ్లాడు. ఆ అనుభవాన్ని తన పేరు చెప్పకుండా రాశాడు.

నవనాగరికత మీద కూడా ఓ మాట అంటాడు. మనిషి బండి కనిపెట్టాడు, కాళ్ల వాడకం తగ్గింది. జెనీవా గడియారం కొనుక్కున్నాడు, సూర్యుణ్ని చూసి పొద్దు చెప్పడం మరిచిపోయాడు. తన కిటికీ కింద పూసిన గులాబీలు నిన్నటి గులాబీలతో పోల్చుకోవని, మనిషి మాత్రం వర్తమానంలో నిలవలేక వెనక్కీ ముందుకూ తల తిప్పుతుంటాడని అంటాడు.

ఆ ‘నేను’ ఎవరు

వ్యాసం మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది. అన్నిటికీ ఆధారమని చెబుతున్న ఆ ‘స్వయం’ ఎవరు? ఈ ప్రశ్నను దాటేసిన పాఠకుడు ‘సెల్ఫ్ రిలయన్స్’ను అహంకారానికి ఇచ్చిన అనుమతిపత్రం అనుకుంటాడు. ఎమర్సన్ జవాబు మాత్రం స్పష్టంగా ఉంది. మనిషిలో మొట్టమొదట పుట్టే ఎరుకను ‘ఇంట్యూషన్’ అంటాడు, తర్వాత బయటి నుంచి నేర్చుకున్నదంతా ‘ట్యూషన్’. ఇంగ్లీషులోని ఈ మాటల ఆట మన చెవికి కూడా అందుతుంది, ట్యూషన్ లేని వీధి మనకు లేదు కదా. ఆ ఎరుక వ్యక్తి సొంత ఆస్తి కాదు. అందరిలోనూ ఉన్న ఒకే మూలం నుంచి అది వస్తుందని, మనిషి దానికి దారి ఇస్తే చాలని ఆయన నమ్మాడు. అదే పుస్తకంలో ఉన్న ‘ది ఓవర్-సోల్’ అనే వ్యాసం ఈ మూలం గురించే.

అందుకే అప్పుడే ఇంగ్లీషులోకి వచ్చిన ‘ఇండివిడ్యువలిజం’ అనే మాటకూ దీనికీ మధ్య దూరం ఉంది. 1831–32లో అమెరికా తిరిగిన ఫ్రెంచివాడు అలెక్సీ ద టోక్‌విల్ 1840లో ‘డెమోక్రసీ ఇన్ అమెరికా’ రెండో భాగం వేశాడు. వ్యక్తివాదమంటే మనిషి తన ఇంటి గోడల మధ్య ముడుచుకుని సమాజాన్ని దాని మానాన వదిలేయడమని, అది ప్రజాస్వామ్యానికి ముప్పని ఆయన హెచ్చరిక. సరిగ్గా మరుసటి ఏడు ఎమర్సన్ పుస్తకం వచ్చింది. లోకాన్ని వదిలి ఇంట్లో ముడుచుకోమని అందులో లేదు. లోకం మధ్య నిలబడి, ఒంటరితనంలో దొరికిన స్వాతంత్ర్యాన్ని పోగొట్టుకోకుండా ఉండమని ఉంది. టోక్‌విల్ భయపడిన మనిషి, ఎమర్సన్ కోరుకున్న మనిషి ఒకరు కారు. అయినా మొదటి మనిషి రెండో మనిషి మాటలను అరువు తెచ్చుకుని తనను సమర్థించుకోగలడు. గత నూట ఎనభై ఏళ్లలో అది చాలాసార్లు జరిగింది.

శామ్యూల్ స్మైల్స్ 1859లో వేసిన ‘సెల్ఫ్ హెల్ప్’తో దీన్ని కలిపేయడం కూడా అలాంటిదే. స్మైల్స్ పుస్తకం కష్టపడి పైకొచ్చినవాళ్ల కథలు. మన పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం అనే అలమర నిండా ఉన్న పుస్తకాలకు ఆయనే తాత. ఎమర్సన్‌కు పైకి రావడం అన్నది లెక్కలోనే లేదు. లోపలి మాట విన్నందుకు కిందికి దిగాల్సి వస్తే దిగమంటాడు, ఆయన దిగి చూపించాడు కూడా.

గుచ్చుకునే పేజీలు

ఈ వ్యాసంలో మంచి పాఠకుడు కూడా ఆగిపోయే చోటు ఒకటుంది. పేదలందరినీ ఉద్ధరించడం నీ బాధ్యత అని ఎవరైనా చెబితే, వాళ్లు నా పేదలా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. తనకు ఆత్మబంధువులైన కొందరి కోసం జైలుకైనా వెళ్తానని, సంబంధం లేని ధర్మసంస్థలకు ఇచ్చే డాలరు మాత్రం పాపపు డాలరని అంటాడు. అడిగితే కాదనలేక అప్పుడప్పుడు ఇస్తున్నందుకు సిగ్గుపడుతున్నానని కూడా ఒప్పుకుంటాడు. పేరు కోసం, మొహమాటం కోసం చేసే దానాన్ని ఆయన తిడుతున్నాడని సమర్థకులు చెబుతారు. అది కొంతవరకు నిజం. కానీ 1,200 డాలర్ల వార్షికాదాయం ఉన్న మనిషి ఈ మాట అనడం, ఏమీ లేని మనిషి అనడం ఒకటి కాదు. వ్యాసం ఆ తేడాను పట్టించుకోలేదు. అది దాని లోపం.

బానిసత్వం మీద మాట కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. దూరాన బార్బడోస్‌లో నల్లవాళ్ల గురించి ఆవేశపడే ఉద్యమకారుణ్ని, ముందు ఇంట్లో బిడ్డను, కట్టెలు కొట్టేవాణ్ని ప్రేమించమని మందలిస్తాడు. ఇక్కడ ఎమర్సన్‌ను ఆయన జీవితంతో కలిపి చూడాలి. 1838లో చెరొకీ ప్రజలను వాళ్ల నేల నుంచి వెళ్లగొట్టడాన్ని నిరసిస్తూ అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కు బహిరంగ లేఖ రాశాడు. ఊరివాళ్లు అడగ్గా రాసిన ఆ లేఖ తన లోపలి నుంచి వచ్చింది కాదని డైరీలో బాధపడ్డాడు. 1844 ఆగస్టు 1న, బార్బడోస్ ఉన్న ఆ వెస్టిండీస్‌లోనే బానిసల విముక్తి వార్షికోత్సవం నాడు, కాంకర్డ్‌లో సుదీర్ఘ ప్రసంగం చేసి ఉద్యమం వైపు నిలబడ్డాడు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించమనే 1850 చట్టం వచ్చాక, దాన్ని పాటించనని తేల్చి చెప్పాడు. 1859లో, బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ పక్షాన మాట్లాడాడు. మూడేళ్లలోనే తన వ్యాసంలోని వాక్యాన్ని దాటి వెళ్లిన రచయిత, ఆ వ్యాసం చెప్పిన పనే చేశాడని అనుకోవచ్చు.

మేనత్త మేరీ మూడీకి ఈ పుస్తకం నచ్చలేదు. అందులో ఆవిడకు కనిపించింది నాస్తికత్వం, బూటకపు స్వాతంత్ర్యం.

కష్టమైన పరీక్ష ఇంట్లో ఎదురైంది. 1842 జనవరి 27న పెద్ద కొడుకు వాల్డో స్కార్లెట్ జ్వరంతో చనిపోయాడు. వాడికి అయిదేళ్లు. 1844లో వచ్చిన ‘ఎక్స్‌పీరియెన్స్’ వ్యాసంలో గొంతు మారిపోయింది. మనిషి మెట్ల మధ్యలో మెలకువ వచ్చినవాడిలా ఉన్నాడు, ఎటు ఎక్కాలో ఎటు దిగాలో తెలియదు. ‘సెల్ఫ్ రిలయన్స్’ చదివినవాళ్లు ఆ వ్యాసం కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

ఎవరు ఏం చేసుకున్నారు

1840 చివర్లో మిత్రుడు జార్జి రిప్లీ, బ్రూక్ ఫార్మ్ అనే సామూహిక వ్యవసాయ సంఘంలో చేరమని ఎమర్సన్‌ను పిలిచాడు. ఆయన చాలా ఆలోచించి డిసెంబరులో రానని ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు వసంతంలో హెన్రీ డేవిడ్ థోరో ఆయన ఇంట్లో ఉండటానికి వచ్చాడు. 1845 జూలై 4న వాల్డెన్ చెరువు గట్టున ఎమర్సన్ స్థలంలోనే గుడిసె వేసుకుని రెండేళ్ల పైన ఉన్నాడు. 1846లో పన్ను కట్టనని ఒక రాత్రి జైల్లో గడిపాడు. గురువు రాసినదాన్ని శిష్యుడు చేతులతో చేసి చూశాడు.

మార్గరెట్ ఫుల్లర్ చేసిన పని ఇంకా లోతైనది. ఎమర్సన్ వ్యాసంలో ఆదర్శ మానవుడు ఎప్పుడూ మగవాడే. ఫుల్లర్ 1845లో వేసిన ‘వుమన్ ఇన్ ది నైన్‌టీన్త్ సెంచురీ’లో, ఆడపిల్లకు తన మీద తాను ఆనుకోవడం నేర్పకుండా, దారి చూపేవాడి కోసం బయటే వెతకమని నేర్పుతున్నారని రాసింది. ఆ ఒక్క మలుపుతో ఎమర్సన్ మాటకు ఆయన ఊహించని బలం వచ్చింది.

వాల్ట్ విట్మన్ 1855లో ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ పంపితే, ఎవరో తెలియని ఆ కవికి ఎమర్సన్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. జర్మనీలో ఫ్రెడరిక్ నీచె పదిహేడో ఏట నుంచి ఎమర్సన్‌ను అనువాదంలో చదివి, పుస్తకం అంచుల నిండా రాసుకున్నాడు. 1882లో వచ్చిన ‘ది గే సైన్స్’ మొదటి ముద్రణకు ఎమర్సన్ మాటనే తలకట్టుగా పెట్టుకున్నాడు. హెర్మన్ మెల్విల్ మాత్రం లొంగలేదు. 1857 నాటి ‘ది కాన్ఫిడెన్స్ మాన్’ నవలలో ఎమర్సన్ పోలికలున్న ఒక చల్లటి తత్వవేత్తను, మిత్రుడికి అప్పివ్వడానికి సిద్ధాంతం అడ్డొచ్చే ఆయన శిష్యుణ్ని నిలబెట్టాడు.

ఓక్లహోమాలో ఒక నల్లజాతి తండ్రి తన కొడుక్కి రాల్ఫ్ వాల్డో అని పేరు పెట్టుకున్నాడు. ఆ పిల్లవాడే ‘ఇన్విజిబుల్ మాన్’ (1952) రాసిన రాల్ఫ్ ఎలిసన్. ఆ నవలలో నార్టన్ అనే తెల్ల ధర్మదాత ఎమర్సన్‌ను చదవమని నల్ల విద్యార్థికి చెబుతాడు. ఎమర్సన్ అనే పేరున్న ఇంకో పాత్ర కూడా ఉంది. తన పేరు మోసుకొచ్చిన బరువును, ఆ పేరులోని ఆశను ఎలిసన్ కథలోనే తూచి చూశాడు.

వ్యాపారం కూడా ఈ వ్యాసాన్ని వదల్లేదు. 1988లో రీబాక్ బూట్ల ప్రకటనలు ఇందులోని వాక్యాలను వాడుకున్నాయి. ఎమర్సన్ రాయనివి కూడా ఆయన పేరు మీద తిరుగుతున్నాయి. మన వెనక ఉన్నదాన్ని, ముందున్నదాన్ని, లోపలున్నదాన్ని పోలుస్తూ చెప్పే ప్రసిద్ధ సూక్తి ఆయనది కాదు. 1940లో హెన్రీ స్టాన్లీ హాస్కిన్స్ వేసిన పుస్తకంలోది.

భారతదేశంతో లంకె

మన పాఠకుడికి ఈ వ్యాసంలో ఉపనిషత్తుల ఛాయ కనిపించడం సహజం. అందరిలో ఒకే మూలం అన్న మాట వినగానే ఆత్మ, బ్రహ్మం గుర్తొస్తాయి. కానీ తేదీలు చూడాలి. భగవద్గీతను చార్లెస్ విల్కిన్స్ అనువాదంలో ఎమర్సన్ శ్రద్ధగా చదివింది 1845లో, అంటే వ్యాసం వచ్చిన నాలుగేళ్లకు. విష్ణుపురాణం ఆధారంగా ‘హమాత్రేయ’ కవిత, 1857లో ‘బ్రహ్మ’ కవిత ఆ తర్వాతవే. అంతకుముందు భారతీయ తత్వం గురించి అక్కడక్కడా చదివాడు, నిజమే. కానీ ‘సెల్ఫ్ రిలయన్స్’కు వేర్లు న్యూ ఇంగ్లండ్ చర్చిలో, ప్లేటోలో, కోలరిడ్జ్‌లో ఉన్నాయి. ఉపనిషత్తులు ఆయనకు దారి చూపలేదు, తాను నడుస్తున్న దారిలో ముందే వెళ్లినవాళ్లుగా ఎదురయ్యాయి. అది తక్కువ సంగతేం కాదు.

ఇటు నుంచి చదివినవాళ్లలో బ్రహ్మసమాజ నాయకుడు ప్రతాప్ చంద్ర మజుందార్ ఒకడు. ఎమర్సన్ భారతదేశం నుంచి ఎలా కనిపిస్తాడో ఆయన రాసిన వ్యాసం 1885లో అమెరికాలోనే అచ్చయింది. గాంధీ 1909లో ప్రిటోరియా జైల్లో ఎమర్సన్‌ను చదువుతున్నట్టు కొడుకు మణిలాల్‌కు రాశాడు. 1933లో ‘హరిజన్’ పత్రికలో, తన మాటల మధ్య పొంతన కనిపించకపోతే తర్వాత అన్నదాన్నే తీసుకోమని పాఠకులకు చెప్పాడు. ఆ వైఖరిని ఓడ ఉదాహరణ పక్కన పెట్టి చదవవచ్చు.

తెలుగు నేల మీద ఎమర్సన్‌కు చోటు ప్రధానంగా ఇంగ్లీషు ఎం.ఏ. తరగతి గదుల్లో దొరికింది. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఏర్పడిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌కు, అక్కడి గ్రంథాలయం కోసం, దశాబ్దాల పాటు దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చేవారు. వ్యాసాన్ని పరీక్ష కోసం చదివినవాళ్లు ఎక్కువ. దాన్ని తీరిగ్గా తెలుగులో ఆలోచించినవాళ్లు ఇంకా రావాలి.

ఇల్లు కాలిన తర్వాత

1872 జూలై 24 తెల్లవారుజామున కాంకర్డ్‌లో ఎమర్సన్ ఇంటికి నిప్పంటుకుంది. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి పుస్తకాలను, రాతప్రతులను, సామాన్లను కిటికీల్లోంచి బయటికి చేరవేశారు. పైకప్పు పోయింది. అప్పటికి ఆయనకు అరవై తొమ్మిదేళ్లు, జ్ఞాపకశక్తి సన్నగిల్లడం మొదలైంది. మిత్రులు చందాలు పోగు చేసి తెచ్చిస్తే మొదట తటపటాయించాడు. ఇంతకాలం తన కాళ్ల మీద తాను నిలబడగలిగానన్నాడు. మిత్రులు ఊరుకోలేదు, ఆయన చివరికి తీసుకున్నాడు. ఆ డబ్బుతో కూతురు ఎలెన్‌ను వెంటబెట్టుకుని ఐరోపాకు, ఈజిప్టుకు వెళ్లాడు. మొదటి భార్య పేరునే ఆ బిడ్డకు పెట్టారు.

1873 మేలో తిరిగొచ్చేసరికి ఊరి గంటలు మోగాయి. రైలు స్టేషన్ దగ్గర బడిపిల్లలు, ఊరివాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లే వెంట నడిచి ఆయన్ను ఇంటికి తీసుకెళ్లారు. ఇల్లు పాతదే అన్నట్టు మళ్లీ కట్టి ఉంది, పుస్తకాలు ఎప్పటి అరల్లో అప్పటిలాగే సర్ది ఉన్నాయి.